మాటకీ కొలతకీ మధ్య

సికింద్రాబాదు కార్ఖానాలో మా వీధి మలుపులో ఒక వెల్డింగు షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్ల రెయిలింగులు చేస్తారు. ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్లలెవరైనా డిజైన్ పని నేర్చుకుంటామని వస్తే, ముందు ఆ షాపు దగ్గర ఒక పూట కూర్చోమంటాను. అక్కడి మేస్త్రీ టేపు ఎప్పుడు తీస్తాడో గమనించమంటాను. చాలా ఆలస్యంగా తీస్తాడు.

మొన్నామధ్య ఒకావిడ వచ్చి "గట్టి గేటు కావాలన్నా" అంది. ఆయన రేటు చెప్పలేదు. "గేటు రోజూ ఎవరు తీస్తరక్కా?" అన్నాడు. "మా అత్తమ్మ." "అత్తమ్మకు భుజాలు మంచిగున్నయా?" అంతంత మాత్రమేనంది ఆమె. లోపల పెట్టేది కారా, స్కూటీయా? గేటు ముందు వాలు ఎటు? కోతులొస్తాయా? కమ్మీల సందులో తల పెట్టే వయసు పిల్లలున్నారా? ఇవన్నీ అయ్యాకే టేపు బయటికొచ్చింది. అప్పటికి 'గట్టి' అన్న ఒక్క మాట, రెండు రెక్కల బరువు గేటు పోయి, కింద చక్రాల మీద పక్కకు జరిగే గేటు అయింది. కమ్మీల మధ్య ఎడం నాలుగంగుళాల లోపు అయింది. గొళ్ళెం ముసలామె మోచేతి ఎత్తుకు దిగింది. ఆమెకు కావలసింది దిట్టమైన ఇనుము కాదు. రాత్రిపూట నిశ్చింత, పగటిపూట అత్తగారి భుజానికి తెరిపి. రెండూ ఆమె నోటి నుంచి నేరుగా రాలేదు.

మనిషి తన అవసరాన్ని తన ఒంటితో, తన రోజుతో చెప్తాడు. యంత్రానికి అర్థమయ్యేవి గ్రాములు, సెకన్లు, మిల్లీమీటర్లు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మాటను చేర్చేవాడు దారిలో మనిషిని జారవిడవకుండా చేర్చాలి. ఇంజనీరింగులో అన్నిటికన్నా కష్టమైన పని ఇదేనని, మన కాలేజీలు అతి తక్కువగా నేర్పేదీ ఇదేనని నా నమ్మకం. బీము మీద బరువు లెక్క తప్పితే పరీక్షలో మార్కులు పోతాయి. ఆ బీము ఎవరి కోసమో తెలుసుకోకపోతే ఏ మార్కులూ పోవు.

దీనికో పద్ధతి లేకపోలేదు. 1960ల చివర జపాన్‌లో యోజి అకావో అనే ఆయన ఆలోచించి పెట్టాడు. 1972లో కోబెలోని మిత్సుబిషి ఓడల కార్ఖానాలో దాన్నొక పట్టికగా వాడారు. ఎడమ పక్క వరసగా జనం మాటలు, వాళ్ళు అన్నవి అన్నట్టుగానే. పైన అడ్డంగా కొలవగలిగిన సంగతులు. మధ్య గళ్ళలో ఏ మాటకు ఏ కొలతతో ఎంత సంబంధమో గుర్తులు. పైన కొలతలు ఒకదానితో ఒకటి ఎక్కడ పోట్లాడుకుంటాయో చూపే త్రికోణం ఇంటి కప్పులా ఉంటుంది కాబట్టి దానికి ఇల్లు పేరే వచ్చింది. నేను ఈ పట్టికను గౌరవిస్తాను, వాడతాను. అయితే అందులో ప్రాణమంతా ఎడమ పక్క వరసలోనే ఉంది. నోరు తెరిచి అడగనివాళ్ళకు అక్కడ వరసే ఉండదు. వరస లేనివాళ్ళకు గడి ఉండదు, గడి లేనివాళ్ళకు కొలత ఉండదు.

అలా వరస దొరకనివాళ్ళ గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఆసు పోసే ఆడవాళ్ళు గుర్తుకొస్తారు. పోచంపల్లి పట్టుచీర మీద పువ్వూ లతా మగ్గం మీదికి ఎక్కకముందే దారంలో ఉంటాయి. దారాన్ని ముందే డిజైను ప్రకారం కట్టలుగా కట్టి, ముడులు వేసి, రంగులద్దుతారు. అందుకు పేక దారాన్ని ఒక చట్రం మీద పేర్చాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటికి ఎదురుగా ఒక మేకు. దారం పట్టుకున్న చెయ్యి ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు పోతూ వస్తూ ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు కదలాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. కొన్నేళ్ళకు భుజం, మోచెయ్యి పనికిరాకుండా పోతాయి.

ఈ నొప్పి ఎవరి అవసరం? చేనేత ఇంట్లో ఆసు ఇంటి ఆడవాళ్ళ పని. అంట్లు తోమడంలా, నీళ్ళు తేవడంలా దానికి వేరే కూలి లేదు. చీర కొనేది వ్యాపారి, కట్టుకునేది ఇంకెవరో. యంత్రం కావాలని డబ్బు చేతపట్టుకుని అడిగేవాళ్ళు ఆ వరసలో లేరు. ఎవరైనా కాగితాలు పట్టుకుని సర్వేకి వెళ్ళి ఉంటే, పట్టు ధర తగ్గాలని, మజూరీ పెరగాలని, మంచి మగ్గం కావాలని రాసుకొచ్చేవారు. అన్నీ నిజమైన అవసరాలే. భుజం మాత్రం ఆ కాగితం మీదికి వచ్చేది కాదు. అది ఆ ఇళ్ళలో బాధగా కాక బతుకులో భాగంగా లెక్కలోకి వెళ్ళిపోయింది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారికి ఆ భుజం ఎవరిదో కాదు, తల్లి లక్ష్మి గారిది. బడి చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయిన కుర్రవాడు, 1992లో ఆ చెయ్యి చేసే పనిని యంత్రం చేత చేయించాలని మొదలుపెట్టారు. ఆయన చేసినదాన్ని ఒక డిజైనరుగా చూసినప్పుడు నన్ను ఆకట్టుకునేది ఆ పట్టుదల ఒక్కటే కాదు, ఆయన చూపు. తల్లి 'నొప్పి' అంది. నొప్పిని యంత్రం అర్థం చేసుకోలేదు. కాబట్టి ఆయన నొప్పికి మూలమైన కదలికను విడదీశారు. చెయ్యి ముందుకూ వెనక్కూ పోవడం ఒకటి. మేకు దగ్గర దారం చుట్టు తిరగడం ఒకటి. ఒక మేకు అయ్యాక పక్క మేకుకు జరగడం ఇంకొకటి. చూసేవాళ్ళకు ఒకే ఊపుగా కనిపించేది మూడు వేరువేరు సమస్యలుగా విడిపోయింది. ఇందులో కొన్ని తేలాయి, ఒకటి తేలలేదు. డబ్బులు అయిపోయాయి, ఊళ్ళో నవ్వారు, హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ ప్రయత్నం సాగించారు. 1999లో బాలానగర్‌లో ఒక చోట పనికి వెళ్ళినప్పుడు అక్కడి యంత్రంలో ఒక కదలిక కనబడింది. తనకు కావలసిన కదలిక అదే. దాంతో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది.

ఆ యంత్రం మీద తల్లి నోట రాని షరతులు కూడా ఉన్నాయి. పట్టుపోగు తెగకూడదు. బిగువు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కాకూడదు; అయితే ముడులు పక్కకు జరిగి, మగ్గం మీద పువ్వు అంచులు చెదిరిపోతాయి. ధర నేతగాడి ఇంటికి అందాలి. ఇవన్నీ ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. బయటివాడు వాటిని ఒక్కొక్కటే అడిగి తెలుసుకోవలసిందే. యంత్రానికి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. వీటికి చాలాముందే ఆయన్ను లోకానికి చూపడానికి పూనుకున్నవాళ్ళలో పల్లె సృజన ఒకటి. విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం గారు నడిపే సంస్థ. వాళ్ళ శోధయాత్రల్లో ఊళ్ళ వెంట నడుస్తూ, జనం తమ కోసం తాము ఏం చేసుకున్నారో వెతుకుతారు. మా కంటోన్మెంటు చుట్టుపక్కల పదవీ విరమణ చేసిన సైనికాధికారులు ఎందరో ఉంటారు. విశ్రాంతిని ఇలా వాడుకున్న మనిషంటే నాకు చాలా గౌరవం.

అయితే అందరు ఇంజనీర్లూ కొడుకులు కాలేరు. కోట్ల మంది వాడే వస్తువును ఎవరో కొందరు ఒక గదిలో కూర్చుని గీయాలి. అలాంటి పని మన పక్కనే జరిగింది. సికింద్రాబాదుకు తూర్పున ఈసీఐఎల్‌లో 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించింది. ఆ యంత్రాన్ని నేను పాఠంలా చదువుతాను. చాలామంది ఓటర్లకు అక్షరాలు రావు, కాబట్టి అభ్యర్థి గుర్తు పక్కనే నీలం బటన్. ఊళ్ళో కరెంటు ఉంటుందో ఉండదో, కాబట్టి 7.5 వోల్టుల బ్యాటరీ. ఓటు పడిందో లేదోనన్న బెంగ, కాబట్టి ఎర్రదీపం, బీప్ చప్పుడు. ఓటరు చాటున ఉండాలి, అధికారి అదుపు ఉండాలి, కాబట్టి రెండు పెట్టెలు, మధ్యలో అయిదు మీటర్ల తీగ.

వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది నెమ్మది. బ్యాలెట్ కాగితాల రోజుల్లో బూత్ ఆక్రమించినవాళ్ళు నిమిషాల్లో వందల కాగితాల మీద ముద్ర గుద్దేసేవారు. అందుకని ఈ యంత్రం నిమిషానికి అయిదు ఓట్లకు మించి తీసుకోకుండా చేశారు. అధికారి ప్రతి ఓటుకూ విడిగా బటన్ నొక్కాలి. యంత్రం వేగంగా ఉండాలన్నదే ఏ ఇంజనీరుకైనా మొదట తోచే మాట. ఇక్కడ వేగం శత్రువు చేతికి ఆయుధం అవుతుందని ఎవరో గుర్తించారు. వాడేవాళ్ళ అవసరాలతో పాటు, దుర్వినియోగం చేసేవాళ్ళ అవసరాలు కూడా వరస పెట్టి రాసుకుంటే తప్ప ఇలాంటి కొలత పుట్టదు.

అయినా ఎడమ వరసలో ఖాళీలు మిగిలాయి. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాల్లో మొదటిసారి ఈ యంత్రాలు వాడారు. 1984లో సుప్రీంకోర్టు అది చెల్లదంది, చట్టంలో యంత్రం మాటే లేదు కాబట్టి. 1988 డిసెంబరులో చట్టం సవరించాకే దారి పడింది. చట్టమూ ఒక వినియోగదారే అన్నమాట, అది అడగదు, అడ్డుకుంటుంది అంతే.

ఇంకో ఖాళీ మన ఊళ్ళోనే పూడింది. ఓటు రహస్యం అన్నది ఈ యంత్రం మొదటి షరతుల్లో ఒకటి. కానీ చూపు లేని ఓటరు ఎవరినో వెంట తెచ్చుకుని, ఆ మనిషి చేత బటన్ నొక్కించుకోవాల్సి వచ్చేది. అందరికీ ఉన్న రహస్యం వాళ్ళకు ఉండేది కాదు. బటన్ల పక్కన బ్రెయిలీ అంకెల చుక్కలు పెట్టి చూసింది 2004లో, హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో. ఆ తర్వాత 2009 నుంచి అన్ని యంత్రాల మీదికీ వచ్చాయి. నాలుగు చుక్కలు ఉబ్బెత్తుగా పెట్టడం ఎంత చిన్న పని! నమూనా తయారైన పాతికేళ్ళకు గానీ ఆ పని జరగలేదు. సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు. ఆ మనిషి ఆ గదిలో లేడు, అంతే.

అంకెల సంగతి మరీ గట్టిగా మాట్లాడించింది నిజామాబాదు. ఒక్కో ఓటు పెట్టె మీద 16 బటన్లు, పాత రకం యంత్రానికి నాలుగు పెట్టెలు కలుపుకోవచ్చు, అంటే 64. పోటీదారులు అంతకు మించితే కాగితమే గతిగా ఉండేది. ఆ 64 వెనుక ప్రజాస్వామ్యం గురించి ఒక అంచనా ఉంది, ఎంతమంది నిలబడతారు లెమ్మని. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదులో 185 మంది నిలబడ్డారు. వాళ్ళలో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని నామినేషన్లు వేశారు. అప్పటికి కొత్త రకం యంత్రానికి 24 పెట్టెలు కలపవచ్చు కాబట్టి 384 దాకా పడుతుంది. ప్రతి బూత్‌లోనూ 12 పెట్టెలు పేర్చి పోలింగు జరిపించారు. 'నోటా'తో కలిపి 186 బటన్లు. ఇంజనీర్లు, అధికారులు ఆ కొద్ది రోజుల్లో చేసిన పని మెచ్చుకోదగ్గది.

కానీ ఈ పాఠం అంతకు చాలాముందే నల్గొండ చెప్పింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 480 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోతున్న జిల్లా గోడు ఢిల్లీకి వినిపించాలని. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఆ ఏడే లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. పెంచడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ డిజైన్ చేసేవాడిగా నాకు ఇక్కడ రెండు దారులు కనిపిస్తాయి. యంత్రాన్ని మనుషులకు సరిపడా చేయడం ఒకటి, మనుషులను యంత్రానికి సరిపడా తగ్గించడం ఒకటి. ఇప్పటి 384 కూడా నల్గొండ 480కి తక్కువే. ఇంకా లోతుకు పోతే, ఆ 480 మందికి కావలసింది బటన్లూ కాదు, కాగితమూ కాదు. మంచినీళ్ళు. ఆ 178 మందికి కావలసింది పసుపు ధర. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. యంత్రం చేసేవాళ్ళకు 185 అన్నది ఒక పరిమాణం. నిలబడినవాళ్ళకు అది ఒక అర్జీ. అంకెను అందుకున్న ప్రతివాడూ అది ఏ మాట నుంచి పుట్టిందో వెనక్కి నడిచి చూడాలని నేను పిల్లలకు చెప్పేది ఇందుకే.

కొన్నిసార్లు అవసరం ఒక గదిలో, దానికి తగిన పదార్థం ఇంకో గదిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మధ్యలో తలుపు తీసేవాళ్ళుండరు. కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌లో అబ్దుల్ కలాం గారి బృందం క్షిపణుల కోసం చాలా తేలికైన పదార్థం ఒకటి తయారుచేసింది. నిమ్స్ నుంచి ఒక ఎముకల వైద్యుడు ఆ ప్రయోగశాలకు వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు. చూసి కలాం గారిని తన ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు ఒక్కొక్కటీ మూడు కిలోల పైచిలుకు ఉన్న ఇనుప కాలిపర్లు కట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం గారు ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో అదొకటన్నారు. ఆ వైద్యుడి అరచెయ్యి చేసిన అనువాదం అది. ఆయన పిల్లల కాళ్ళ బరువును రోజూ చూస్తున్నవాడు కాబట్టే, చేతిలోకి తీసుకున్న ముక్క ఏమిటో పోల్చుకున్నాడు. అంతకుముందు ఆ ముక్కను ఎంతమంది చేత్తో పట్టుకుని ఉంటారో!

జైపూర్ పాదం కూడా ఇలాంటిదే. 1968లో రాంచంద్ర శర్మ అనే పనివాడు, పి.కె. సేథీ అనే వైద్యుడు కలిసి చేశారు. అప్పటికి బయటి దేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదం బూటు తొడుక్కుని నడిచేవాడి కోసం చేసినది. మన మనిషి గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకు కూర్చోవాలి, వట్టి కాళ్ళతో తడి మడిలో దిగాలి. ఈ మూడూ షరతులుగా రాసుకున్నాకే ఆ పాదం ఆ రూపం తెచ్చుకుంది.

ఇప్పుడు మా కార్ఖానా సంగతి. మా మెయిన్ రోడ్డు జూబ్లీ బస్టాండు నుంచి కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి. దీని మీదుగా శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్ కట్టడానికి 2024 మార్చిలో అల్వాల్‌లో శంకుస్థాపన జరిగింది. పొద్దునా సాయంత్రం ఇక్కడి వాహనాల వరస చూసినవాళ్ళెవరూ అది అక్కర్లేదనరు. నేనూ అనను. పై రోడ్డుకు కొలతలు సులువుగా దొరుకుతాయి, వాహనాలను లెక్కపెట్టే పద్ధతులు బాగా స్థిరపడ్డాయి కనుక. నా ధ్యాసంతా కింద మిగిలే రోడ్డు మీద ఉంది.

మా కాలనీలో ఒక పెద్దమ్మ ఉంది. మందుల షాపు రోడ్డుకు అవతల. "గీ రోడ్డు దాటుడంటే పాణం మీదికొస్తది బిడ్డా, సగం పోంగనే బండ్లు కదుల్తయి" అంటుంది. ఆ మాటను అంకెలోకి తెద్దాం. రోడ్డు దాటేవాళ్ళ నడక సెకనుకు 1.2 మీటర్లని లెక్క వేయడం ఇంజనీర్లకు అలవాటు. 24 మీటర్ల రోడ్డనుకుంటే 20 సెకన్లు చాలు. మోకాళ్ళు అరిగిన పెద్దమ్మ నడక సెకనుకు 0.8 మీటర్లనుకుంటే ఆమెకు 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్లే ఆమె చెప్పిన 'పాణం'. అమెరికాలో కూడా ఈ లెక్క సెకనుకు నాలుగడుగులుగా ఉండేది. 2009లో మూడున్నర అడుగులకు తగ్గించారు, నిదానంగా నడిచేవాళ్ళు కూడా దాటగలగాలని. ఒక చిన్న భిన్నం మార్చితే కొన్ని లక్షల మంది ముసలివాళ్ళు లెక్కలోకి వచ్చారు.

ఇక్కడ వెంటనే ఒక సలహా వస్తుంది, ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టండి అని. కాలనీ మీటింగులోనూ వచ్చింది. పెద్దమ్మను అడిగితే ఆమె కూడా "బ్రిడ్జి ఏస్తే మంచిగుంటది" అనే అంది. జనం తరచుగా అవసరాన్ని కాదు, తమకు తెలిసిన పరిష్కారాన్ని అడుగుతారు. "మెట్లు ఎక్కుతవా పెద్దమ్మా?" అంటే "నేనేడ ఎక్కుత బిడ్డా, పోరగాండ్లు ఎక్కుతరు" అంది. కాబట్టి బ్రిడ్జి ఆమె అవసరం కాదు. నేల మీదే దాటాలి, తన నడకకు తగినంత సేపు వాహనాలు ఆగాలి, లేదా మధ్యలో నిశ్చింతగా నిలబడే చోటుండాలి.

కాలనీ సంఘం తరఫున ఒక పట్టిక తయారుచేస్తున్నాం. ఎడమ వైపు మనుషుల మాటలు, కుడి వైపు అంకెలు. కింది రోడ్డు డిజైన్ చేసే ఇంజనీర్లకు ఇవ్వాలని. బడిపిల్లల మాట రాశాం, పెద్దమ్మ మాట రాశాం, చక్రాల కుర్చీలో ఉన్న పెద్దమనిషి మాట రాశాం. మధ్యలో ఆగే దిమ్మె లోతు ఇద్దరు మనుషులు నిలబడేంత అని వేశాం. మొన్న సాయంత్రం తోపుడు బండి మీద జామకాయలమ్మే ఆమెను అడిగాం. "నేను ఒక్కదాన్నే దాటనయ్యా, బండితోని దాటాలె. మీరు చెప్పే జాగల నేను నిలబడ్డా బండి రోడ్డు మీదనే ఉంటది" అంది. బండిని టేపు పెట్టి కొలిచాం. ఆమె వెనక నిలబడి తోసే చోటుతో కలిపి తొమ్మిదడుగులొచ్చింది. దిమ్మె లోతు కొట్టేసి తొమ్మిదడుగుల ఆరంగుళాలని రాశాం, దిమ్మె అంచు నేలతో సమంగా ఉండాలని దాని పక్కనే చేర్చాం.